కెమెరా ఎంత ఎత్తులో ఉంది?



జహీరాబాద్‌ను ఆనుకుని పస్తాపూర్ ఉంది. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి అదే ఇల్లు. చిన్న చిన్న చెలకల్లో జొన్నలు, కొర్రలు, కందులు పండించుకునే మహిళలు ఆ సొసైటీ సంఘాల్లో సభ్యులు, వాళ్లలో ఎక్కువమంది దళితులు. వీళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. హై యాంగిల్, లో యాంగిల్ అనే సినిమావాళ్ల మాటలతో వాళ్లకు పని పడలేదు. పేర్లు తామే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి తీసేది ‘పటేల్ షాట్’. ఊరి పటేల్ అరుగు మీద నిలబడి కిందివాళ్లను చూసే చూపు అది. కింది నుంచి పైకి తీసేది ‘గులాం షాట్’. కంటికి కన్ను సమానంగా కెమెరా పెట్టి తీసేది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా!

ఇవాళ్టి ప్రసంగం సినిమాల గురించి కాదు, కంపెనీల గురించి. మానవ వనరుల నిర్వహణ అని పుస్తకాల్లో రాస్తారు. ఫ్యాక్టరీల్లో హెచ్‌ఆర్ అంటారు. పాతతరం కార్మికులు ఇప్పటికీ ‘పర్సనల్ ఆఫీసు’ అనే అంటారు. పేరేదైనా, ఆ గదిలో తేలాల్సిన సంగతి ఒకటే: కంపెనీ తన మనుషులను ఏ ఎత్తు నుంచి చూస్తోంది? పోటీలో నిలుస్తుందా, కొట్టుకుపోతుందా అన్నది చాలావరకు ఆ చూపు మీదే ఆధారపడి ఉంటుంది. ఈ మాట నిజమో కాదో చూడటానికి జహీరాబాద్ కన్నా మంచి చోటు దొరకదు.

హైదరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద పడమరగా వంద కిలోమీటర్లు దాటితే జహీరాబాద్. ఇంకాస్త ముందుకెళ్తే కర్ణాటక. బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి. బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. చెరకు, అల్లం, ఆలుగడ్డ పండే ఈ నేల మీద 1980ల్లో ఒక ఫ్యాక్టరీ లేచింది. హైదరాబాద్ ఆల్విన్, జపాన్‌కు చెందిన నిస్సాన్ సాంకేతిక సహకారంతో ఇక్కడ తేలికపాటి ట్రక్కులు తయారుచేయించింది. ఆల్విన్ పేరు చెబితే ఇప్పటికీ హైదరాబాద్ పెద్దవాళ్లకు ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు, బస్సు బాడీలు గుర్తొస్తాయి. ఆ దశాబ్దం చివర్లో ట్రక్కుల కంపెనీ మహీంద్రా చేతికి వచ్చింది. మాతృసంస్థ ఆల్విన్ తర్వాత కొన్నేళ్లకే చితికిపోయింది. జహీరాబాద్‌లో మాత్రం సైరన్ ఆగలేదు.

2013లో ఇక్కడే మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ తెరిచింది. పెట్టుబడి సుమారు 300 కోట్ల రూపాయలు. రెండు షిఫ్టులు నడిస్తే ఏడాదికి లక్ష ట్రాక్టర్లు తయారుచేసే సామర్థ్యం. పదేళ్లు తిరిగేసరికి 3 లక్షలవ ట్రాక్టర్ గేటు దాటింది. 2023 ఆగస్టు 15న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కంపెనీ ‘ఓజా’ అనే కొత్త తేలికపాటి ట్రాక్టర్ల వరసను ప్రపంచానికి చూపించింది. జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రా సంస్థ, చెన్నై దగ్గరి మహీంద్రా రీసర్చ్ వ్యాలీ కలిసి 1,200 కోట్ల ఖర్చుతో రూపొందించిన ఆ ట్రాక్టర్లను బిగించే చోటు మాత్రం జహీరాబాదే. అమెరికా, బ్రెజిల్, ఆస్ట్రేలియా రైతుల కోసం కూడా.

ఇక్కడ కాస్త ఆగి ఒక లెక్క వేద్దాం. లక్ష ట్రాక్టర్లను మూడువందల పనిదినాలకు పంచితే రోజుకు 333. రెండు షిఫ్టులు కలిపి 16 గంటలు, అంటే 960 నిమిషాలు. ఫ్యాక్టరీ పూర్తి సామర్థ్యంతో నడిస్తే మూడు నిమిషాలు నిండకుండానే ఒక ట్రాక్టర్ బయటికి రావాలి. ఆ మూడు నిమిషాల్లో ఒక కుర్రాడు బోల్టు బిగించడం మరిచిపోతే? ఆ బోల్టు ఎక్కడో బ్రెజిల్ చేను మధ్యలో ఊడుతుంది. అక్కడి రైతుకు జహీరాబాద్ ఎక్కడుందో తెలియదు, ఆ కుర్రాడికి ఆ రోజు జ్వరమని అసలే తెలియదు. ఈసారి ఇంకో కంపెనీ ట్రాక్టర్ కొంటాడు, అంతే.

ప్రెస్సులు, రోబోలు, పెయింట్ షాపులు ఎవరైనా కొనుక్కోవచ్చు. డబ్బుంటే పక్క కంపెనీ కూడా అదే మిషన్‌ను అదే ధరకు తెచ్చుకుంటుంది. ఆ మిషన్ చప్పుడు కొంచెం మారగానే ‘ఏదో తేడాగా ఉంది సార్’ అనగల మనిషి మాత్రం బజారులో దొరకడు. పదేళ్లు ఒకేచోట ఉంటేనే ఆ చెవి తయారవుతుంది. ఆ చెవి ఉన్నవాణ్ని ఉంచుకోవడం, ఆ మాట అనగలిగే చనువు ఇవ్వడం, అన్నాక వినడం. హెచ్‌ఆర్ అంటే ఇదే. మిగతాది కాగితాల పని.

మనిషి వెళ్లిపోతే ఎంత నష్టమో అమెరికాలో ఒకసారి లెక్క తేలింది. 1913లో హెన్రీ ఫోర్డ్ కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాడు. కారు తయారీ వేగం ఆకాశాన్నంటింది. ఆ పని విసుగు భరించలేక జనం మానేసిపోవడం కూడా అంతే వేగంగా పెరిగింది. ఆ ఏడాది కార్మికులు మారిపోయిన రేటు 370 శాతం. దాదాపు 14 వేల మంది పనిలో ఉండాలంటే ఏడాదిలో 50 వేల మందికి పైగా తీసుకోవాల్సి వచ్చింది. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. 1914 జనవరి 5న ఫోర్డ్ రోజు కూలిని సుమారు రెండున్నర డాలర్ల నుంచి అయిదు డాలర్లకు పెంచాడు, పని గంటలు తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించాడు. దానధర్మం కాదది, లెక్క. మానేసేవాళ్లు తగ్గారు, కారు ధరా తగ్గింది. అయితే ఫోర్డ్ గుప్పిలి విప్పినా చూపు మార్చుకోలేదు. ఆ అయిదు డాలర్లకు అర్హుడా కాదా అని తేల్చడానికి కార్మికుల ఇళ్లకు మనుషులను పంపేవాడు. తాగుతున్నారా, పొదుపు చేస్తున్నారా, ఇల్లు శుభ్రంగా ఉందా అని తనిఖీ! జీతం పెంచి కూడా పటేల్ షాట్ తీయవచ్చన్నమాట.

చూపు మారితే ఏమవుతుందో చెప్పే కథ కూడా కార్లదే. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటర్స్‌కు ఒక ఫ్యాక్టరీ ఉండేది. అమెరికాలోనే అతి చెడ్డ కార్మికులున్న ఫ్యాక్టరీ అని దానికి పేరు. ఏ రోజు చూసినా అయిదుగురిలో ఒకరు రారు. వచ్చినవాళ్లలో కొందరు తాగి వస్తారు. కోపం వస్తే కారు తలుపులో ఖాళీ సీసా పెట్టి బిగించేస్తారు, కొన్నవాడు ఆ గలగల ఎక్కడిదో తెలియక తల పట్టుకోవాలి. 1982లో కంపెనీ విసిగిపోయి మూసేసింది.

రెండేళ్లకు టయోటా వచ్చి, జనరల్ మోటర్స్‌తో కలిసి అదే ఫ్యాక్టరీని ‘నమ్మీ’ అనే పేరుతో తెరిచింది. యూనియన్ అదే. కార్మికుల్లోనూ ఎక్కువమంది పాతవాళ్లే. వందల మందిని జపాన్ పంపించి టయోటా లైన్ మీద నిలబెట్టి పని చూపించారు. లైన్ పొడవునా తలపైన ఒక తాడు కట్టారు. తప్పు కనపడితే ఎవరైనా ఆ తాడు లాగవచ్చు. లాగితే టీమ్ లీడర్ పరుగున వస్తాడు, అప్పటికీ సరికాకపోతే లైన్ మొత్తం ఆగుతుంది. పాత జమానాలో లైన్ ఆపినవాడి ఉద్యోగం పోయేది. కొత్త జమానాలో తాడు లాగినవాడికి ‘మంచి పని చేశావు’ అన్నారు. ఆ ఒక్క తాడుతో మేనేజర్ చేతిలోని అధికారం కార్మికుడి చేతికి దిగింది. పనికి రానివాళ్లు 20 శాతం నుంచి 2 శాతానికి పడిపోయారు. జపాన్‌లో తయారైన కారుకూ ఇక్కడి కారుకూ నాణ్యతలో తేడా లేకుండా పోయింది. 1980ల చివర్లో అమ్మకాలు పడిపోయినప్పుడు కూడా ఎవర్నీ ఇంటికి పంపలేదు. పని లేని రోజుల్లో తరగతులు పెట్టారు.

ఇందులో చమత్కారం ఏమిటంటే, జనరల్ మోటర్స్ ఈ విద్యను కళ్లారా చూసి కూడా తన మిగతా ఫ్యాక్టరీలకు ఏళ్ల తరబడి ఎక్కించలేకపోయింది. తాడు కట్టడం తేలికే. లాగినవాణ్ని తిట్టకుండా ఉండటం కష్టం. పోటీదారుడు కాపీ కొట్టలేనిది ఏదైనా ఉందంటే ఇదే.

ఈ జపాన్ విద్య మన ట్రాక్టర్ల దాకా కూడా వచ్చింది. ఎడ్వర్డ్స్ డెమింగ్ పేరు మీద జపాన్‌లో 1951 నుంచి ఇస్తున్న నాణ్యతా బహుమతిని 2003లో మహీంద్రా ట్రాక్టర్ల విభాగం గెలుచుకుంది. ప్రపంచంలో ఆ బహుమతి అందుకున్న మొదటి ట్రాక్టర్ కంపెనీ అదే. 2007లో జపాన్ క్వాలిటీ మెడల్ కూడా వచ్చింది. పరీక్షకులు వచ్చి మిషన్లను చూసి మార్కులు వేసే బహుమతి కాదిది. పై అధికారి గదిలో తీసుకున్న నిర్ణయం షాప్‌ఫ్లోర్‌లో చిట్టచివర ఉన్నవాడికి తెలుసా, అతని సూచన పైకి వెళ్లిందా అని తవ్వి తవ్వి చూస్తారు. జహీరాబాద్ ట్రాక్టర్ ఫ్యాక్టరీ డెమింగ్ బహుమతి వచ్చిన పదేళ్లకు పుట్టింది. పెద్దకొడుకు పడ్డ పాట్లు చిన్నకొడుక్కి పాఠమైనట్టు, ఆ అనుభవం పుట్టుకతోనే దానికి దక్కింది.

ఇలాంటి లైన్ల దగ్గర గోడకు ఒక పట్టిక వేలాడుతూ ఉంటుంది. నిలువుగా మనుషుల పేర్లు, అడ్డంగా పనుల పేర్లు. ఒక్కో గడిలో నాలుగు ముక్కలు చేసిన రొట్టెలాంటి గుండ్రటి గుర్తు. పని చూసి తెలుసుకున్నాడంటే ఒక ముక్క నల్లగా నింపుతారు. పక్కన ఒకరుంటే చేయగలడంటే రెండు. ఒంటరిగా చేయగలడంటే మూడు. ఇంకొకరికి నేర్పగలడంటే నాలుగూ నిండుతాయి. స్కిల్ మ్యాట్రిక్స్ అంటారు దీన్ని. గ్రూపు ఫొటో ముందు నిలబడి ‘నేనెక్కడ?’ అని వెతుక్కున్నట్టు కొత్తగా చేరినవాడు రోజూ దాని ముందు ఆగుతాడు. ఆ నాలుగో ముక్క ఎప్పుడు నిండుతుందా అని ఎదురుచూసే కుర్రాడు నెలకు వెయ్యి ఎక్కువిస్తామన్న పక్క కంపెనీకి అంత తేలిగ్గా వెళ్లడు. వెళ్లాడే అనుకోండి, అతనితో పాటు నల్లటి ముక్కలన్నీ గోడ దిగిపోతాయి. కొత్తవాణ్ని తెచ్చి మళ్లీ ఖాళీ గుర్తుతో మొదలుపెట్టాలి. ఈ నష్టం బ్యాలెన్స్ షీట్‌లో ఏ పద్దు కిందా కనిపించదు. అందుకే చాలామంది యజమానులకు అది నష్టంగా తోచదు.

ఫ్యాక్టరీ కథలు చాలనుకునేవారికి సాఫ్ట్‌వేర్ కథ ఉంది. అదీ హైదరాబాద్‌దే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరం బయటపడింది. ఖాతాల్లో చూపించిన నగదులో 5 వేల కోట్లకు పైగా అసలు లేనే లేదని ఒప్పుకున్న ఉత్తరం అది. సంస్థ లెక్క ప్రకారం అప్పటికి ఉద్యోగులు 50 వేలకు పైనే. ఆ సంక్రాంతి హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లలో చేదెక్కిందో చెప్పలేం. నెలాఖరుకు జీతం వస్తుందా, ఇంటి లోన్ కిస్తీ ఎలా, పెళ్లి చూపుల్లో ‘సత్యంలో చేస్తున్నాను’ అని చెప్పొచ్చా, ఇలా ఉండేవి మాటలు. పోటీ కంపెనీలు మంచి ఇంజినీర్ల కోసం వల వేసి కూర్చున్నాయి.

ఆలోచిస్తే ఆ రోజున సత్యం దగ్గర మిగిలినదేమిటి? నగదు లేదు. పరువు లేదు. ఉన్నదల్లా మనుషులు, వాళ్లు పనిచేసిపెడుతున్న ఖాతాదారులు. ప్రభుత్వం నియమించిన కొత్త బోర్డులో కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటివారు ఉన్నారు. వాళ్లు బయటినుంచి పెద్ద పేరున్న మనిషిని తెచ్చి కూర్చోబెట్టలేదు. సంస్థలోనే ఏళ్లుగా పనిచేసిన ఏ.ఎస్. మూర్తికి ఫిబ్రవరిలో సీఈఓ బాధ్యత ఇచ్చారు. ‘మనవాడే’ అన్న ధైర్యం జీతం స్లిప్పు కన్నా ముందు చేరాలని వాళ్లకు తెలుసు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వేలంలో సత్యాన్ని గెలుచుకుంది. అవును, జహీరాబాద్‌లో ట్రాక్టర్లు చేసే కుటుంబానిదే ఆ సంస్థ కూడా.

గెలిచాక అసలు చిక్కు ఎదురైంది. పనికన్నా మనుషులు ఎక్కువగా ఉన్నారు. జూన్‌లో కొత్త యాజమాన్యం ‘వర్చువల్ పూల్’ అనే ఏర్పాటు చేసింది. పని లేని వేలమంది ఇంటి దగ్గరే ఉండాలి. పూర్తి జీతం కాకుండా మూలవేతనం, పీఎఫ్, ఆరోగ్య బీమా అందుతాయి. పని వస్తే పిలుస్తారు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు ఒక్క ఈమెయిల్‌తో తీసేయడం కన్నా ఇది మేలే. అలాగని తీయగా ఏమీ లేదు. పొద్దున్నే తయారై ఎక్కడికీ వెళ్లకుండా కూర్చోవడం, వీధిలోవాళ్ల ప్రశ్నలకు జవాబు వెతుక్కోవడం పనిచేయగల మనిషిని మూలన పెట్టడమే. ఆ అవమానాన్ని ఏ లెక్కలోనూ కట్టలేదు. అయినా సంస్థ బతికింది. 2013 జూన్‌లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది. మోసం చేసింది పైవాళ్లు, కంపెనీని నిలబెట్టింది కిందివాళ్లు.

పటేల్ షాట్ ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పే చోటు కూడా తెలుగువాళ్లదే. పుదుచ్చేరి కింద ఉన్న యానాంలో రీజెన్సీ సిరామిక్స్ అనే టైల్స్ ఫ్యాక్టరీ ఉండేది. జీతాల గొడవ నెలల తరబడి నలిగింది. 2012 జనవరి 27న పోలీసులకూ కార్మికులకూ మధ్య ఘర్షణ జరిగింది. ఒక కార్మిక నాయకుడు చనిపోయాడు. కోపంతో ఊగిపోయిన గుంపు దాడిలో కంపెనీ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ తగలబడింది. ఏళ్లపాటు ఊరికి ఉపాధీ లేదు, యజమానికి వ్యాపారమూ లేదు. ఎవరిది తప్పన్నది కోర్టుల పని. నెలల తరబడి ఇరువైపుల మాటా ఇరువైపులకూ చేరలేదన్నది మాత్రం అందరికీ కనిపించిన సంగతి.

జహీరాబాద్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే ఇంకో గాయం పచ్చిగా ఉంది. 2025 జూన్ 30న పాశమైలారం పారిశ్రామికవాడలోని ఔషధ పరిశ్రమకు చెందిన ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. ఎవరి దేహం ఎవరిదో తేల్చడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. గేటు బయట తండ్రులు, భార్యలు ఫోన్లో ఫొటోలు చూపిస్తూ రోజుల తరబడి నిలబడ్డారు. షిఫ్టులో ఎవరెవరున్నారో నిమిషంలో చెప్పగల రిజిస్టరు, కాంట్రాక్టరు మనిషికి కూడా భద్రతా శిక్షణ, ఇవి హెచ్‌ఆర్ పుస్తకంలో మొదటి పేజీ సంగతులు. ఈ పేజీ చదవకుండా పోటీతత్వం గురించి సదస్సులు పెట్టడం కన్నా వెటకారం ఉండదు.

కాంట్రాక్టు కార్మికుల మాట వచ్చింది కాబట్టి దాటేయకూడదు. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా ఏ గేటు దగ్గర నిలబడినా రెండు రంగుల యూనిఫారాలు కనిపిస్తాయి. ఒకటి పర్మనెంట్‌వాళ్లది, ఒకటి కాంట్రాక్టువాళ్లది. పని ఒక్కటే, లైన్ ఒక్కటే, చెమటా ఒక్కటే. జీతం, సెలవు, క్యాంటీన్‌లో కూర్చునే బల్ల వేరు. ఖర్చు తగ్గిందని యజమాని సంతోషిస్తాడు. ఆ రెండో రంగు చొక్కా వేసుకున్నవాడు తాడు లాగుతాడా? తప్పు కనిపించినా నాకెందుకులే అనుకుంటాడు. రేపు తాను ఉంటాడో లేదో తెలియనివాడికి బ్రెజిల్ రైతు గురించి ఎందుకు?

దీనికి వేరే దారి లేదా అంటే సింగరేణిలో చిన్న జాడ కనిపిస్తుంది. ప్రభుత్వరంగ బొగ్గు సంస్థ అది. లాభంలో కార్మికులకు వాటా ఇవ్వడం అక్కడ ఏటా దసరా ముందు జరిగే తంతు. 2023-24 లాభంలో విస్తరణకు పక్కన పెట్టగా మిగిలినదాంట్లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు పంచుతామని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. ఆ ఏడాదే మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5 వేలు ఇచ్చారు. పర్మనెంట్ కార్మికుడికి సగటున దక్కిన లక్షా 90 వేల ముందు అది చిన్నమొత్తమే. కాని లెక్కల పుస్తకంలో వాళ్ల పేరు కూడా ఎక్కింది.

మళ్లీ జహీరాబాద్‌కు వద్దాం. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక స్మార్ట్ నగరాలకు ఆమోదం తెలిపింది. అందులో జహీరాబాద్ ఒకటి. హైదరాబాద్-నాగ్‌పూర్ కారిడార్‌లో 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయల ఖర్చు, లక్షా 74 వేల మందికి ఉపాధి అవకాశం అని ప్రభుత్వ అంచనా. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల రైతులు ఈ పారిశ్రామిక ప్రాంతం కోసం భూములు వదులుకున్నారు. పరిహారం మీద ఆందోళనలూ చేశారు. ఇప్పుడు ఆ కుటుంబాల పిల్లలకు ఎలాంటి పని దొరుకుతుందన్నది అసలు ప్రశ్న. కంట్రోల్ ప్యానెల్ ముందు కుర్చీయా, గేటు దగ్గర సెక్యూరిటీ కర్రా?

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదనే అలవాటు కంపెనీలకు బాగా ఉంది. ‘లోకల్ కుర్రాళ్లను తీసుకుంటే సెలవులెక్కువ, గొడవలెక్కువ’ అని హెచ్‌ఆర్ మేనేజర్లు చాటుగా అనే మాట అందరికీ తెలిసిందే. పండగకు, పొలం పనికి సెలవు పెడతాడన్నది నిజమే కావచ్చు. కాని ఇల్లు పక్కనే ఉన్నవాడు హాస్టల్ గది అడగడు, ఆర్నెల్లకు ఊరెళ్లి తిరిగి రాకుండా పోడు, ఇరవై ఏళ్లు ఉంటాడు. గోడమీది పట్టికలో నాలుగు ముక్కలూ నింపడానికి అర్హుడైనవాడు అతనే.

పెరటి చెట్టు ఏం చేయగలదో చూడాలంటే జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ వెళ్లాలి. 2008 అక్టోబర్ 15న అక్కడ 90.4 ఎఫ్‌ఎం మీద దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళల ‘సంఘం రేడియో’ మొదలైంది. నడిపేవాళ్లు హైదరాబాద్ నుంచి వచ్చిన అనౌన్సర్లు కాదు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ అనే ఇద్దరు స్థానిక మహిళలు రికార్డింగ్, ఎడిటింగ్, ప్రసారం అన్నీ నేర్చుకుని ఆ స్టేషన్‌ను నిలబెట్టారు. విత్తనాల ముచ్చట, బతుకమ్మ పాట, పశువుల వైద్యం అన్నీ వాళ్ల యాసలోనే. 2019లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి దక్కింది. కూలికి పోయే మహిళ చేతికి కెమెరా, మైకు ఇస్తే ఏమవుతుందో ఇక్కడ తేలిపోయింది. ఐటీఐ ఫిట్టర్ చేతికి టార్క్ రెంచ్, దాంతోపాటు మాట్లాడే హక్కు ఇవ్వడానికి ఇంకా సందేహం దేనికి?

సందేహం తీరే సూచనలు కొన్ని లేకపోలేదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం పాత ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టింది. యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీ పెట్టి, దానికి ఛైర్మన్‌గా ఆనంద్ మహీంద్రాను నియమించింది. కొత్త భవనాలు, రోబో చేతులు బాగానే ఉంటాయి. మొదటి నెల జీతం అందుకున్న కుర్రాడు రెండో ఏడాది కూడా అదే గేటు లోపలికి నవ్వుతూ వెళ్తున్నాడా అన్నది చూశాకే ఆ ఖర్చు ఫలించిందో లేదో చెప్పగలం.

చట్టం కూడా ఈమధ్యే మారింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది కార్మికులుంటే ఒక సంక్షేమ అధికారి ఉండాలంది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం 250 మంది ఉంటే చాలు, ఆ అధికారి ఉండాల్సిందే. నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి కూడా ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది. ఇదివరకు అయిదేళ్లు నిండాలి. పని గంటలు, యూనియన్లు, తొలగింపుల విషయంలో ఈ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి, అవి తేలికగా కొట్టిపారేసేవి కావు. అయినా అందులో ఒక చిన్న నిబంధన మాత్రం ఈ ప్రసంగం వింటున్న యువతీయువకులకు రేపటి నుంచే పనికొస్తుంది.

పటాన్‌చెరులోనో, జహీరాబాద్‌లోనో, ఎక్కడ ఉద్యోగంలో చేరినా, మేస్త్రీ నోటిమాట నమ్మి గేటు లోపల అడుగుపెట్టవద్దు. పేరు, పని, జీతం రాసి సంతకం చేసిన నియామక పత్రం అడగండి. పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ కార్డు అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని తల దించుకోకండి, ఎదుటివాడి కళ్లలోకి చూసి అడగండి. ఆ పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వడం ఇప్పుడు యజమాని బాధ్యత.